ఏడు తూముల కట్ట

మాబున్ని మొదట తన స్కేలునే అనుమానించింది.

"నాయనా, నీ టేపు ఇట్లియ్యి" అంది.

దస్తగిరి మెడలో వేసుకున్న టేపు తీసి కూతురికి అందించాడు. ఆమె బురద ఆరీ ఆరని రాళ్ళ మీద మోకాళ్ళూని పగులును మళ్ళీ కొలిచింది. ఏడు మిల్లీమీటర్లు. నోటుబుక్కులో పోయిన ఏడాది మే నెల పేజీ తీసి చూసింది. అదే రాయి, దాని మీద తను పసుపు రంగుతో గీసిన గుర్తు కూడా అదే. అప్పుడు రాసుకున్న అంకె పంతొమ్మిది.

పదహారేళ్ళుగా ఆమె పని పగుళ్ళను కొలవడమే. టౌనులోని పరిశోధన ల్యాబులో సున్నం, సిమెంటు ఆమె విభాగం. వెడల్పయిన పగుళ్ళు వేలకు వేలు చూసింది. తనంతట తాను సన్నబడిన పగులును మాత్రం ఇదే చూడటం.

వీరలపాడు డ్యాము కట్టి నలభై ఏళ్ళు దాటింది. దాని వెనక నీళ్ళలో సూరేపల్లె మునిగింది. ఊరికి నీళ్ళిచ్చిన పాత రాతికట్ట, ఏడు తూములతో సహా దానితోపాటే మునిగింది. ఏటా ఎండాకాలం నీళ్ళు దిగేసరికి ముందు కట్ట తల కనబడుతుంది, తర్వాత భుజాలు, జూన్ నాటికి నడుము దాకా తేలుతుంది. వానలు ముదిరి పైనుంచి వరద వస్తే మళ్ళీ మాయం. దస్తగిరి ఆ ఊరి బేల్దారి, రాతిపనీ సున్నంపనీ చేసే మేస్త్రీ. కుర్రతనంలో ఆ కట్టకు మరమ్మతులు చేసినవాడు. పాత సున్నం కలిపే తీరు తెలిసిన మనిషని మాబున్ని రెండేళ్ళుగా తండ్రిని వెంటబెట్టుకుని వస్తోంది.

సాయంత్రంలోగా ఆమె గుర్తు పెట్టిన ఇరవై ఆరు పగుళ్ళూ కొలిచింది. ఇరవై మూడు సన్నబడ్డాయి. రెండు పూర్తిగా మూసుకుపోయి, గుర్తు లేకపోతే ఎక్కడున్నాయో కూడా తెలియకుండా ఉన్నాయి.

దస్తగిరి ఒక పగులులోంచి తెల్లటి పొడి గోటితో గీకి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది పాత సున్నం కాదు పాపా. పచ్చిగుండాది. మొన్ననో అటుమొన్ననో పూసినట్ల."

"ఎవరు పూసింటారు నాయనా? మొన్నటి దాకా దీని మీద నలభై అడుగుల నీళ్ళుండె."

దస్తగిరి కట్ట పొడుగునా ఒకసారి చూపు పోనిచ్చాడు. "అట్లయితే అదే పూసుకుంది" అన్నాడు.

మాబున్ని ఆ పొడిని కాగితంలో మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది. అంత సంతోషం ఆమెకు పెళ్ళినాడు కూడా లేదు.

*

ల్యాబులో మైక్రోస్కోపు కింద ఆ పొడి బతికి ఉంది. కంటికి ఆనని జీవులు గుంపులు గుంపులుగా సున్నపు రేణువులను పట్టుకుని నిద్రపోతున్నాయి. ఒక చుక్క నీళ్ళు వేస్తే మేలుకున్నాయి. నీళ్ళలో కరిగిన సున్నాన్ని తిన్నంత తిన్నాయి. దీపం కింద పెట్టి తడి ఆర్చితే, తిన్నదంతా రాయిగా కక్కి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాయి. తడి ఒక్కటే ఉంటే పని చెయ్యవు, ఎండ ఒక్కటే ఉన్నా చెయ్యవు. ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ఏటా మునిగి ఏటా తేలే కట్ట వాటికి సరిగ్గా కుదిరిన ఇల్లు.

ఏడాదికి ఒక్కసారి తడిసి ఆరితే ఇంత జరిగినప్పుడు, గంటకొకసారి తడిపి ఆర్చితే?

ఒక సిమెంటు ఇటుకను సుత్తితో రెండు చేసి, మధ్యలో ఆ సున్నం మెత్తి, గంట నీళ్ళు, గంట దీపం చొప్పున మార్చేటట్టు యంత్రానికి అమర్చింది. తొమ్మిదో రోజు పొద్దున సగం ఇటుకను పట్టుకుని ఎత్తింది. రెండో సగం కూడా దానితోపాటే పైకి లేచింది. ఇటుకను నేలకేసి కొట్టింది. కొత్తచోట పగిలింది గాని అతుకు దగ్గర పగలలేదు.

ఆ ముక్కలు గుడ్డలో చుట్టుకుని ఆటోలో ఇంటికి పరుగెత్తింది. దస్తగిరి వాటిని తిప్పి తిప్పి చూసి, "దీనికేం పేరు పెట్టినారు?" అని అడిగాడు.

"నంబరిచ్చినాం. పేరింకా లేదు."

"బతుకు సున్నం అనండి" అన్నాడాయన. ల్యాబులో అందరికీ ఆ పేరే అలవాటయింది.

కబురు డ్యాము దాకా పోవడానికి వారం పట్టలేదు. డ్యాము ఇంజనీరు, ఈఈ పరంజ్యోతి జీపు వేసుకుని స్వయంగా వచ్చాడు. డ్యాము కడుపులో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక సొరంగం ఉంటుంది, దాన్ని గ్యాలరీ అంటారు. పద్నాలుగో బ్లాకు దగ్గర ఆ గ్యాలరీ గోడకు పగులిచ్చి పదకొండేళ్ళుగా నీళ్ళు చిమ్ముతున్నాయి. మూడుసార్లు సిమెంటు పోసి మూసినా మూడుసార్లూ తిరగబెట్టింది. అతికిన ఇటుకను ఆయన చేతిలోకి తీసుకుని, అతుకు మీద వేలు పోనిచ్చి చూశాడు.

"మేడమ్, మా గ్యాలరీలో దీన్ని ఎప్పుడు పెడతారు?"

"ఇంకో ఏడాది పరీక్షలు చెయ్యాలి సార్."

"జూలైలో వరద వస్తుంది. పోయినేడు ఆ గోడ ముందర నిలబడి నేను పడిన భయం నా భార్యకు కూడా చెప్పలేదు. ఒక్క బ్లాకు, మేడమ్. ఒక్కటంటే ఒక్కటే."

ఆమె కాదని ఉండవలసింది. కాని ఆ నిమిషాన పరంజ్యోతికి ఎంత తొందరగా ఉందో ఆమెకూ అంతే తొందరగా ఉంది. ఒక ఇటుకలో చూసింది ఒక డ్యాములో చూడాలని మనసు ఉరకలేస్తోంది. "సరే సార్" అంది.

*

జూన్ రెండో వారంలో పని మొదలయింది. దస్తగిరీ, ఆయన తీసుకొచ్చిన నలుగురు బేల్దార్లూ గ్యాలరీలో పగులు పొడుగునా బతుకు సున్నం కూరారు. గోడకు ఎదురుగా దీపాలు పెట్టి గంటకోసారి వెలిగించి ఆర్పారు. మాబున్ని అందరికీ రబ్బరు గ్లౌజులు ఇచ్చింది. నలుగురు తొడుక్కున్నారు. దస్తగిరి జేబులో పెట్టుకున్నాడు.

"ఇవేసుకుంటే సున్నం చేతికి ఆనదు పాపా. ఎంత పదునుండాదో ఎట్ల తెలిసేది?"

ఆమె అప్పుడు పగులులోంచి వచ్చే నీళ్ళను కొలిచే పైపు మీటరు చూస్తోంది. రెండోసారి చెప్పలేదు.

మీటరు మీద రోజురోజుకూ అంకె పడిపోయింది. మొదట నిమిషానికి నాలుగు వందల లీటర్లు. తర్వాత రెండు వందల అరవై, ఎనభై, పన్నెండు. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి గోడ ఆరిపోయింది. పదకొండేళ్ళుగా నీళ్ళ హోరుతో అరిచి మాట్లాడుకున్న మనుషులకు తమ గొంతులు తమకే వింతగా వినిపించాయి. పరంజ్యోతి గోడకు అరచెయ్యి ఆనించాడు, తర్వాత చెంప కూడా ఆనించాడు. బేల్దార్లు నవ్వారు. ఎవరో మైసూరుపాకు పొట్లం తెచ్చారు. మాబున్ని గ్యాలరీ మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చేదాకా తను నవ్వుతూనే ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

పది రోజుల తర్వాత, ఒక సాయంత్రం ఇంట్లో తండ్రీ కూతురూ సంగటి వడ్డించుకుని కూర్చున్నారు. దస్తగిరి సంగటి ముద్ద చెయ్యడానికి తంటాలు పడుతున్నాడు. అరచేత్తో నొక్కి, పళ్ళెం అంచుకు తోసి ఎత్తుకుంటున్నాడు.

"చేతికేమయింది నాయనా?"

"ఏం కాలేదు. కొంచెం పట్టేసింది."

"ఇట్ల సూపియ్యి."

ఆయన చూపించనన్నాడు. ఆమె లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. యాభై ఏళ్ళు సున్నంలో పని చేసిన చెయ్యి అది, ఎప్పుడూ నెర్రెలు విచ్చి ఉండేది. ఇప్పుడు ఒక్క నెర్రె కూడా లేదు. వాటన్నిటిలో తెల్లటి గీతలు నిండి ఉన్నాయి. వేళ్ళ మొదట్లో చర్మం కింద నొక్కితే రాయి తగిలింది.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగైదు రోజులు. నొప్పేం లేదులే పాపా. నీ పనికి అడ్డమని చెప్పలేదు."

ఆమె ఇంకో వేలు నొక్కి చూసింది. ఆ సున్నానికి గోడకూ చేతికీ తేడా తెలియదు. నెర్రె కనబడితే మూస్తుంది, అంతే. నెర్రె కనబడితే... ఆమె చెయ్యి వదిలి ఫోను అందుకుంది.

"సార్, పద్నాలుగో బ్లాకు కింద నీళ్ళు కారే బొక్కలు ఎట్లున్నాయి?"

"ఆరిపోయినాయి మేడమ్" అన్నాడు పరంజ్యోతి హుషారుగా. "లీకే లేనప్పుడు అవెక్కడ కారతాయి?"

"అవి లీకు కోసం వేసినవి కావు గదా సార్."

"ఇప్పుడే దిగి చూస్తా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఎంత గట్టి డ్యాము కింద అయినా నీళ్ళు కొంచెం కొంచెం పాకుతూనే ఉంటాయి. పాకిన నీళ్ళు అక్కడే చిక్కుకుంటే డ్యామును కిందనుంచి పైకి నెడతాయి. అందుకే కట్టినవాళ్ళే పునాదిలోకి బొక్కలు తొలిచి, ఆ నీళ్ళను గ్యాలరీలోకి కారనిస్తారు. బొట్టు పడటం, ఆరడం, మళ్ళీ బొట్టు పడటం. బతుకు సున్నానికి అంతకంటే హాయైన చోటు ఇంకోటి లేదు.

ముప్పావు గంటకు పరంజ్యోతి ఫోను చేశాడు. ఆయన ఆయాసపడుతున్నాడు. "అరవై నాలుగు బొక్కలు మూసుకున్నాయి మేడమ్. పదమూడు, పదిహేను బ్లాకులకు కూడా పాకింది. ఒత్తిడి ముల్లు రెండు దగ్గర ఉండేది, ఇప్పుడు మూడున్నర మీదుంది. ఆరు దాటితే నేను కింది ఊళ్ళు ఖాళీ చేయించాలి."

"వరద?"

"పైన గేట్లెత్తినారు. నాలుగు రోజుల్లో మన దగ్గరికొస్తుంది. ఇప్పుడు నీళ్ళు అడుగునున్నాయి కాబట్టి మూడున్నర. నిండితే ఎంతో నేను చెప్పలేను."

ఆమె ఫోను పెట్టి తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దస్తగిరి వంగని వేళ్ళ వంక చూసుకుంటూ విన్నాడు.

"పచ్చి సున్నమే గదా. ఊచలు పెట్టి పొడిస్తే తెరుచుకుంటాయి. మనోళ్ళను నేను పిలుస్తా."

"తెరుస్తాం సరే. వారంలో మళ్ళా మూసుకుంటాయి నాయనా. దాన్ని ఆపేది యాదో నాకు తెలియదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మన కట్ట తూములు అన్నీ మూసుకుపోలేదు గదా పాపా" అన్నాడు.

*

తెల్లవారేసరికి ఇద్దరూ రేవులో ఉన్నారు. చేపలు పట్టే సుంకులమ్మ పుట్టి వేసుకుని ఎదురుచూస్తోంది. రిజర్వాయరులో ఆమెకు తెలియని మూల లేదు.

"నీళ్ళు రంగు మారినాయి అక్కా. పైనుంచి కొత్తనీళ్ళు తగుల్తాండాయి. పొద్దెక్కేకొద్దీ ఈడ నిలబడేది కష్టం" అంది పుట్టి తిప్పుతూ.

కట్ట నడుము అప్పటికే మునిగింది. సుంకులమ్మ తెడ్డు రాళ్ళ సందున ఇరికించి పుట్టిని ఆపింది. మాబున్ని నడుము లోతు నీళ్ళలోకి దిగి ఒక్కొక్క తూమునూ చేత్తో తడిమింది. మొదటి దానికి నోరే లేదు, నున్నటి రాయి. రెండోదీ అంతే. మూడోదాని నోట్లోకి ఆమె చెయ్యి మోచేతి దాకా పోయింది, నీళ్ళు లోపలికి లాగుతున్నాయి. నాలుగు, ఐదు మూసుకున్నాయి. ఆరు, ఏడు తెరుచుకునే ఉన్నాయి.

"ఒకటే కట్ట, ఒకటే సున్నం" అంది మాబున్ని. "ఈ మూడింట్లో ఏముండాది?"

"లోపల తడుము. గొంతు దగ్గర" అన్నాడు దస్తగిరి పుట్టిలోంచి.

ఆమె ముఖం నీళ్ళకు ఆనించి చెయ్యి భుజం దాకా దూర్చింది. వేళ్ళకు రాయి కానిదేదో తగిలింది. గుండ్రంగా, తూము గొంతు చుట్టూ పట్టీలాగా. జేబులోని కత్తితో గీకి, చెయ్యి బయటికి తీసి చూసుకుంది. గోళ్ళ నిండా పచ్చటి చిలుము.

"రాగి" అంది. "నాయనా, రాగి కడియాలు."

దస్తగిరి నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "ఎవుడో మనకంటే ముందే దెబ్బ తిన్నాడు పాపా. నాలుగు తూములు పోగొట్టుకున్నంక మూడింటికి కడియాలేసినాడు."

పుట్టి ఒక్క ఊపు ఊగింది. "ఎక్కక్కా, ఇంగ ఆగదు" అని సుంకులమ్మ ఆమె రెక్క పట్టి పైకి లాగింది.

ఆ రోజు పదింటికల్లా ల్యాబులో గాజు పళ్ళెంలో బతుకు సున్నం పరిచి, మధ్యలో రాగి తీగ ముక్క పెట్టింది మాబున్ని. పన్నెండింటికి చూస్తే తీగ చుట్టూ వేలెడు మేర జీవులన్నీ చచ్చి ఉన్నాయి. అవతల బతికినవి ఆ గీత దాటి రాలేదు.

రేవు నుంచి వాళ్ళను జీపులో తీసుకొచ్చిన పరంజ్యోతి వెంటనే అన్నాడు: "మైలుతుత్తం. అదీ రాగే, ప్రతి పురుగుమందుల కొట్లో దొరుకుతుంది. బస్తాలు తెప్పించి బొక్కల్లో పోద్దాం."

సుంకులమ్మ అక్కడే ఉంది, వాళ్ళతోపాటే జీపులో వచ్చింది. "ఆ నీళ్ళు యాడికి పోతాయి సార్?" అని అడిగింది.

"గ్యాలరీ నుంచి కిందికి, ఏట్లోకి."

"మిరపతోటకు కొట్టిన మైలుతుత్తం డ్రమ్ము ఒకరు కుంటలో కడిగితే చేపలన్నీ తేలినాయి. మీరు బస్తాలంటాండారు. కింద మా వాండ్లు రెండొందల ఇండ్లుండాయి."

మాబున్ని గాజు పళ్ళెంలోని తీగ వంక చూసింది. ఒకసారి తొందరపడి అయింది. "పొయ్యొద్దు సార్" అంది. "పట్టుకుని లాగితే బయటికి వచ్చేదేదైనా కావాలి. తీగ. ఒక్కో బొక్కలో పేనిన రాగి తీగ వేలాడదీద్దాం."

"అరవై నాలుగు బొక్కలకు, ఒక్కోటి నలభై అడుగులు. రెండు రోజుల్లో అంత రాగి ఎవడిస్తాడు మేడమ్?"

"మోటార్లు చుట్టేవాళ్ళు" అన్నాడు దస్తగిరి.

బోర్లున్న ప్రతి ఊళ్ళోనూ కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టే వైండింగు షాపు ఒకటి ఉంటుంది. పరంజ్యోతి జీపు ఆ రోజు పందొమ్మిది షాపులు తిరిగింది. కొందరు కొత్త చుట్టలిచ్చారు, కొందరు కాలిన మోటార్ల తీగ బస్తాలకెత్తి ఇచ్చారు. డ్యాము కింద మైదానంలో మంటలు వేసి తీగ మీది వార్నిషు కాల్చారు. సుంకులమ్మా, ఆమె తీసుకొచ్చిన ఆడవాళ్ళూ వల తాళ్ళు పేనిన అలవాటుతో ఆ తీగలు పేనారు. వాళ్ళ చేతుల్లో నలభై అడుగుల తాడు పావుగంటలో తయారయ్యేది.

*

గ్యాలరీలో యాభై మంది బేల్దార్లు, చేపలవాళ్ళు ఊచలతో పొడుస్తున్నారు. ఈసారి మాబున్ని ఒక్కొక్కరి చేతులు స్వయంగా చూసి, గ్లౌజులు తనే తొడిగి గాని లోపలికి పంపలేదు. దస్తగిరిని అసలు లోపలికి రానివ్వలేదు. ఆయన గ్యాలరీ తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, బయటికి తెచ్చిన సున్నపు ముక్కలు చూసి "ఇంకా రెండడుగులు పోవాల" అనో, "అయిపాయ, ఇది చివరి పొర" అనో లోపలికి కబురంపుతున్నాడు.

ఇరవై రెండు బొక్కలు తెరిచేసరికి వరద తగిలింది. గ్యాలరీలో కూర్చుంటే వాన కనబడదు, పొద్దు తెలియదు. తెలిసేది ముల్లు ఒక్కటే. నాలుగు. నాలుగుంబావు. పైన నీళ్ళు అడుగు పెరిగినప్పుడల్లా అది వెంట్రుకవాసి కదులుతోంది. నలభై తెరిచేసరికి ఐదు. ముల్లు ఎక్కుతూనే ఉంది, కాని ఎక్కే వేగం తగ్గింది. మాబున్ని కాగితం మీద గీత గీసి చూసుకుంది. పందెంలో వరదా, వాళ్ళూ పక్కపక్కనే పరుగెడుతున్నారు.

"కింది ఊళ్ళకు కబురు పెట్టినా మేడమ్" అన్నాడు పరంజ్యోతి. "బస్సులు నిలబెట్టినారు. ఆరు దాటితే ఎక్కిస్తారు."

"మీరు పైకి పోండి సార్."

"మీరు పోతే నేను పోతా" అని ఆయన కూడా ఒక ఊచ అందుకున్నాడు.

యాభై ఎనిమిదో బొక్క పద్నాలుగో బ్లాకు సరిగ్గా నడిమధ్యది. అక్కడ సున్నం అన్నిటికంటే దట్టంగా పట్టింది. నలుగురు పొడిచినా దిగలేదు. దస్తగిరి దాని ముక్క చూసి, "అడుగున తడి తగిలింది, ఇంకొక్క పోటు" అని చెప్పి పంపాడు. మాబున్నీ, పరంజ్యోతీ ఒకే ఊచ మీద ఇద్దరి బరువూ వేసి దించారు. లోపల ఏదో పటుక్కుమంది. ఊచ వాళ్ళ చేతుల్లోంచి జారి పైకి తన్నుకొచ్చింది, దాని వెనకే నీళ్ళు మనిషెత్తున లేచి ఇద్దరినీ తడిపేశాయి. చల్లటి, బురద వాసన వేసే నీళ్ళు. కళ్ళు తుడుచుకుని ముల్లు వైపు చూసింది. ఐదూ ముప్పావు దగ్గర వణుకుతూ నిలబడింది. వణికి వణికి ఐదున్నరకు దిగింది. తర్వాత ఐదుకు.

మొదట ఎవరూ నమ్మలేదు. నాలుగున్నరకు దిగినప్పుడు ఒక ముసలి బేల్దారి ఊచ కింద పెట్టి, తడి నేల మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు గ్యాలరీ ఆ చివర దాకా పాకింది.

మిగిలిన ఆరూ తెరిచి, అన్నిటిలో రాగి తాళ్ళు దించి పైకి వచ్చేసరికి డ్యాము గేట్లు ఎత్తి ఉన్నాయి. బస్సులు ఖాళీగానే వెనక్కి మళ్ళుతున్నాయి. పగులు కారలేదు, బొక్కలు కారుతున్నాయి. డ్యాముకు కావలసింది అదే.

*

దస్తగిరి చేతికి రెండుసార్లు ఆపరేషను జరిగింది. డాక్టరు చర్మం చీల్చి రాయి తీశాడు. ఆగస్టులో కట్టు విప్పితే మూడు వేళ్ళు వంగాయి. ఉంగరపు వేలూ చిటికెన వేలూ కర్రల్లాగే ఉండిపోయాయి.

"రెండు వేళ్ళకు ఒక డ్యాము" అన్నాడాయన ఆసుపత్రి వరండాలో. "బేరం బాగానే కుదిరింది పాపా."

మాబున్నికి నవ్వు రాలేదు. "వేళ్ళు నీవి నాయనా. తొందర నాది. ఇది బేరమెట్లయితాది?"

కూతురు ఆ మాట ఊరికే అనలేదని దస్తగిరికి తెలిసింది. ఆమె ఒడిలో మూసి పెట్టుకున్న ల్యాప్‌టాపు వైపు చూశాడు. ఇంకో నాలుగు డ్యాములకు బతుకు సున్నం కావాలని ఉత్తరాలొచ్చాయి, రిపోర్టు రాసి పంపమన్నారు. మూడు రోజులుగా ఆమెకు మొదటి వాక్యం కుదరడం లేదు.

"ఆ మాటే ముందు రాయి" అన్నాడు. "ఇటుకలు, మీటర్లు తర్వాత రాద్దువు."

ఆమె ల్యాప్‌టాపు తెరిచి, మొదటి పేజీలో ఉన్నదంతా చెరిపేసింది. 'ఈ సున్నానికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఆ సంగతి మాకు ఒక మనిషి చేతిని పాడుచేసిన తర్వాత తెలిసింది' అని రాసి, తండ్రికి చదివి వినిపించింది.

"ఒక మనిషి ఏంది?" అన్నాడు దస్తగిరి. "ఆయనకు పేరు లేదా? రాయి. దస్తగిరి, బేల్దారి, సూరేపల్లె."

"సూరేపల్లె ఇప్పుడు యాడుండాది నాయనా? మ్యాపులో కూడా లేదు."

"ఎవురన్నా అడిగితే మే నెలలో రమ్మని చెప్పు" అన్నాడాయన.

ఆమె రాసింది.